శరణార్థి నిరాకరణ: కారణం వేరు, సమర్థన వేరు

తెలుగులో శరణార్థిని సూచించే పదాల్లో 'కాందిశీకుడు' ఒకటి. సంస్కృత పండితులు దీనికి చెప్పే వ్యుత్పత్తి హృదయవిదారకమైనది. 'కాం దిశం', అనగా ఏ దిక్కునకు పోదునా అని తెలియక భయంతో పరుగెత్తేవాడు కాందిశీకుడు. 1942లో బర్మా నుండి అరణ్యమార్గాల గుండా కాలినడకన తరలివచ్చిన తెలుగువారిని ఆంధ్రదేశం ఈ పేరుతోనే పిలిచింది. వారికి కనీసం చేరదగిన ఒక దిక్కు ఉన్నది, ఆ దిక్కున తమ భాష మాట్లాడే ఊళ్ళు ఉన్నవి. అంతకు మూడేళ్ళ ముందు, 1939 మే 13న, జర్మనీలోని హాంబర్గ్ రేవు నుండి సెయింట్ లూయిస్ అనే నౌకలో బయలుదేరిన 937 మంది ప్రయాణికుల విషయంలో మాత్రం ఆ పదంలో దాగిన ప్రశ్న అక్షరాలా సత్యమైనది.

వారు దాదాపు అందరూ యూదులు. గమ్యం క్యూబా. అదియును శాశ్వత నివాసానికి కాదు. అత్యధికులు అమెరికా వీసా కొరకు పేర్లు నమోదు చేసుకొని, తమ వంతు వచ్చేవరకు హవానా నగరంలో వేచి ఉందామని వెళ్తున్నవారు. వారి చేతుల్లో ఉన్న ప్రవేశపత్రాలు క్యూబా వలసశాఖాధికారి సొమ్ము పుచ్చుకొని అమ్మినవి. నౌక బయలుదేరక మునుపే ఆ దేశాధ్యక్షుడు లారెడో బ్రూ వాటిని చెల్లనివిగా ప్రకటించాడు. మే 27న హవానా చేరిన నౌక నుండి 28 మందిని మాత్రమే దిగనిచ్చారు. నిస్పృహతో ఆత్మహత్యకు యత్నించిన మరొకరిని ఆసుపత్రికి తరలించారు. జూన్ 2న రేవు విడువవలసి వచ్చింది. నౌకాధిపతి గుస్తావ్ ష్రోడర్ యూదుడు కాడు, జర్మన్ నావికుడు. అతడు ఫ్లోరిడా తీరం వెంబడి నౌకను మెల్లమెల్లగా నడిపించాడు. మయామీ నగర దీపాలు ప్రయాణికుల కంటికి కనిపించినవి. అధ్యక్షుడు రూజ్‌వెల్ట్‌కు తంతి పంపారు. ఆయన నుండి ప్రత్యుత్తరం రాలేదు. విదేశాంగశాఖ చెప్పిన మాట సారాంశం ఇంతే: నిరీక్షణ పట్టికలో తమ వంతు వచ్చేదాకా ఆగి, అర్హత నిరూపించుకొని, వీసా పొందిన పిమ్మట రావలెను. జూన్ 6న నౌక ఐరోపా దిక్కునకు మరలింది.

ఒక యూదు సహాయసంస్థ రాత్రింబవళ్ళు మంతనాలు సాగించి, పోషణకు హామీధనం చెల్లించగా, నాలుగు దేశాలు వారిని పంచుకున్నవి. బ్రిటన్ 288 మందిని, ఫ్రాన్స్ 224 మందిని, బెల్జియం 214 మందిని, నెదర్లాండ్స్ 181 మందిని స్వీకరించినవి. ఆనాటి పత్రికాపాఠకులకు ఇది సుఖాంతంగానే తోచింది. ఏడాది తిరగకుండానే జర్మన్ సైన్యాలు ఆ మూడు ఖండాంతర్గత దేశాలను ఆక్రమించినవి. నౌకాప్రయాణికుల్లో 254 మంది నాజీల చేతిలో హతులయ్యారు.

ఈ ఘటనను తలచుకొన్నప్పుడు సాధారణంగా రెండు వాదాలు వినిపిస్తాయి. అమెరికా తెలిసి తెలిసి వారిని మృత్యుముఖానికి పంపిందనీ, కనుక హంతకులతో సమానమైన పాపం దానికి అంటుకున్నదనీ ఒక వాదం. ఆనాటి దేశకాల పరిస్థితులను చూడాలి, ఆర్థికమాంద్యం, చట్టం, ప్రజాభిప్రాయం, యుద్ధభయం ఇవన్నీ తెలిసినవారు అట్లు నిందించరనీ మరొక వాదం. మొదటి దానిలో ఆవేశం అధికం. రెండవ దానిలో ఒక చమత్కారం ఉన్నది. అది కారణాలను వర్ణిస్తూ వర్ణిస్తూ, ఎక్కడో తెలియకుండానే సమర్థనలోకి జారిపోతుంది. ఒక కార్యం ఎందుకు జరిగిందో చెప్పడం వేరు, అది జరగడం న్యాయమే అనడం వేరు. ధూమం నుండి అగ్నిని ఊహించినవాడు అగ్నిని ప్రశంసించినట్లు కాదు గదా.

భారతీయ చింతనలో ఈ చిక్కును విడదీయడానికి యోగ్యమైన ఒక విభాగం ఉన్నది. పూర్వకర్మ పరిపక్వమై వర్తమానంలో అనుభవానికి వచ్చినది ప్రారబ్ధం. ఆ ప్రారబ్ధపు ఎల్లల లోపల మనిషి స్వయంగా చేయగలిగినది పురుషకారం. ఒక జాతి చరిత్రకు ఈ పదాలను అన్వయించడం ఉపమానం మాత్రమే. అయినా ఉపమానంగా ఇది బాగా పనిచేస్తుంది. 1939లో అమెరికా అధికారి ముందున్న చట్టం, నిరుద్యోగం, జనుల ద్వేషం అతడు ఆ ఉదయం సృష్టించినవి కావు. అవి అతనికి సంక్రమించినవి. వాటి మధ్య అతని చేతిలో మిగిలినది ఎంత, ఆ మిగిలిన దానితో అతడు ఏమి చేశాడు అన్నదే విచారణీయం.

మొదట సంక్రమించినదాన్ని చూడాలి. 1924లో అమెరికా శాసనసభ చేసిన వలసచట్టం ఒక్కో దేశానికి ఒక్కో వార్షిక సంఖ్యను నిర్ణయించింది. ఆ సంఖ్యకు మొదట ప్రాతిపదికగా తీసుకున్నది అప్పటికి తాజాదైన 1920 జనగణనను కాదు, ముప్పై ఏళ్ళ వెనుకటి 1890 జనగణనను. ఇటలీ నుండీ పోలండ్, రష్యాల నుండీ లక్షలాదిగా జనం రావడం ప్రధానంగా ఆ తరువాతి మాట. అనగా ఎవరిని తగ్గించాలో ముందే నిశ్చయించుకొని, అందుకు అనువైన సంవత్సరాన్ని ఎన్నుకున్నారు. జాతుల ఉత్తమాధమ భేదాన్ని శాస్త్రంగా ప్రచారం చేసిన హ్యారీ లాఫ్లిన్ వంటివారు శాసనసభా సంఘానికి నిపుణులుగా సలహాలిచ్చారు. 1929 నుండి లెక్కించే పద్ధతి మారినా ఉద్దేశం మారలేదు. బ్రిటన్‌కు ఏటా 65,721 స్థానాలు, జర్మనీకి 25,957, ముప్పై లక్షలకు పైగా యూదులున్న పోలండ్‌కు 6,524. బ్రిటన్ వారి స్థానాల్లో అధికభాగం ఏటేటా ఖాళీగా మిగిలిపోయేది. ఒక దేశపు ఖాళీని మరొక దేశానికి బదలాయించే వీలు చట్టంలో లేదు. అన్నిటికంటె ముఖ్యం, ఆ చట్టంలో శరణార్థి అనే మాటకే తావు లేదు. ప్రాణభయంతో వచ్చినవాడూ, మంచి జీతం కొరకు వచ్చినవాడూ దాని దృష్టిలో ఒక్కటే.

దీనిపై ఆర్థికమాంద్యం తోడైనది. 1933లో అమెరికా శ్రామికుల్లో నలుగురికి ఒకరు నిరుద్యోగులు. 1938 నాటికి కూడా పని లేనివారు కోటిమందికి దరిదాపుల్లో ఉన్నారు. ప్రభుత్వంపై భారం కాగలడని తోచినవానికి వీసా నిరాకరించవలసిందిగా 1930లోనే అధ్యక్షుడు హూవర్ ప్రభుత్వం కాన్సల్ అధికారులకు ఉత్తరువు పంపింది. ఇక ప్రజాభిప్రాయం సంగతి. 1938 నవంబరు 9, 10 తేదీల్లో జర్మనీ అంతటా యూదుల ప్రార్థనామందిరాలు తగులబడినవి, దుకాణాల అద్దాలు పగిలినవి, దాదాపు 30,000 మంది పురుషులను నిర్బంధశిబిరాలకు తరలించారు. ఆ పిమ్మట జరిపిన గ్యాలప్ పరిశీలనలో పదింట తొమ్మిది మందికి పైగా అమెరికన్లు నాజీల దుష్కృత్యాన్ని ఖండించారు. మరింతమంది యూదులను దేశంలోకి రానివ్వాలా అని అడిగితే పదింట ఏడుగురు వద్దన్నారు. కరుణ ఉన్నది, అది వాకిలి దాటి బయటకు రాలేదు.

ఈ స్థితిలో అధ్యక్షుడికి స్వేచ్ఛ లేదని చెప్పేవారి మాటలో బలం ఉన్నది. శాసనసభలో ఉన్న సంఖ్యలను ఇంకా తగ్గించాలనీ, వలసను పూర్తిగా ఆపివేయాలనీ బిల్లులు సిద్ధంగా ఉన్నవి. చట్టాన్ని కదిపితే ఉన్నది కూడా పోతుందన్న భయం యూదు నాయకుల్లోనే కొందరికి ఉండేది. నవంబరు దౌర్జన్యం తరువాత రూజ్‌వెల్ట్ బెర్లిన్ నుండి తన రాయబారిని వెనుకకు పిలిపించాడు. అప్పటికే సందర్శకులుగా వచ్చి అమెరికాలో ఉన్న వేలాది జర్మన్ యూదుల అనుమతి గడువు పొడిగించాడు. నాజీల పాలనాకాలమంతటిలో సుమారు రెండు లక్షల మంది శరణార్థులు అమెరికా చేరారు. ఇది చిన్న సంఖ్య కాదు. నిందించేవారు ఈ సంఖ్యను దాటవేయడం న్యాయం కాదు.

సెయింట్ లూయిస్ విషయంలోనైతే మరొక గట్టి వాదం ఉన్నది. సాధారణంగా ఎవరూ దీన్ని ప్రస్తావించరు. 1939 వేసవి నాటికి జర్మన్ కోటా కింద నిరీక్షిస్తున్నవారు మూడు లక్షలకు పైగా ఉన్నారు. ఆస్ట్రియాను కలుపుకొని ఏటా ఉన్న స్థానాలు 27,370. ఆ సంవత్సరం అవన్నీ నిండిపోయినవి. నౌకలోని తొమ్మిది వందల మందిని ఆ లెక్కలో దింపుకొంటే, వియన్నాలోనో బెర్లిన్‌లోనో అంతే భయంతో, అంతకంటె ముందు నుండి వేచి ఉన్న తొమ్మిది వందల మంది వెనుకకు జరగాలి. వారును యూదులే. కనిపించే ఆర్తుని కొరకు కనిపించని ఆర్తుని పక్కకు నెట్టవచ్చునా? ఇది ధర్మసంకటమే. తేలికగా కొట్టివేయదగినది కాదు. ఓడపై నిలబడి చేతులు చాచినవారిని లోకమంతా చూసింది. కాన్సల్ కార్యాలయం ముందు వరుసలో నిలబడినవారిని లోకం అంతగా చూడలేదు.

ఆనాటివారికి తెలిసినది ఎంత అన్నది కూడా గమనించాలి. సామూహిక సంహారం 1941లో ఆరంభమైనది. 1939 జూన్‌లో విషవాయు గృహాలు లేవు. కనుక తెలిసి తెలిసి మృత్యువుకు అప్పగించారన్న ఆరోపణ నిలువదు. నేటి జ్ఞానాన్ని నిన్నటివాని నేరంగా లెక్కకట్టడం విచారణలో దోషం. అయితే ఇక్కడే మరొక మాట కూడా చెప్పాలి. మరణం తెలియకపోయినా అవమానం, నిర్వాసనం, లూటీ, నిర్బంధశిబిరం తెలుసు. 1935లో యూదుల పౌరసత్వాన్ని హరించిన న్యూరంబర్గ్ చట్టాలు రహస్యం కావు. అమెరికన్ పత్రికలు వాటిని మొదటి పుటల్లో ప్రచురించినవి. శరణమడిగినవాడు చావబోతున్నాడని రుజువైతేనే తలుపు తీయాలన్న నియమం ఏ ధర్మశాస్త్రంలోనూ లేదు.

శరణాగతి ప్రసక్తి వచ్చినప్పుడు తెలుగువారికి విభీషణుడు స్మరణకు రావడం సహజం. ఆ ఘట్టాన్ని భక్తిరసంతో చదివేవారు మధ్యలో జరిగిన సుదీర్ఘ చర్చను త్వరగా దాటిపోతుంటారు. సుగ్రీవుడు ఇతడు శత్రువుకు తమ్ముడు, గూఢచారి కావచ్చునన్నాడు. అంగదుడు పరీక్షించమన్నాడు. శరభుడు చారుని పంపమన్నాడు. ఇతడు రాకూడని చోటికి, రాకూడని కాలంలో వచ్చాడని జాంబవంతుడు శంకించాడు. వీరెవరూ దుర్మార్గులు కారు, వాల్మీకి అట్లు చిత్రించనూ లేదు. యుద్ధం ముంగిట నిలిచిన సేనాపతులు మాట్లాడవలసిన మాటలే మాట్లాడారు. ఆ సభలో సందర్భం అంతా చర్చకు వచ్చింది. రాముడు దాన్ని తోసిపుచ్చలేదు, తూచాడు. వచ్చినవాడు దుష్టుడే అయినా తనకు చేయగల హాని ఎంత, దాన్ని ఎదుర్కొనే శక్తి తనకు ఎంత అని ఆలోచించి అభయమిచ్చాడు. భావావేశం కన్నా ఈ తూకమే అక్కడ ప్రధానం.

ప్రజాస్వామ్యంలో ఒక్క మాటతో అభయమివ్వగల రాజు లేడు, నిజమే. కానీ ఆ తూకం వేసే బాధ్యత ఏ పాలనావిధానంలోనూ లోపించదు. అమెరికా విషయంలో ఆ తూకం ఎట్లా సాగిందో చూపడానికి సెయింట్ లూయిస్ కంటె మరొక ఉదంతం ఎక్కువ ఉపకరిస్తుంది.

1939 ఫిబ్రవరిలో సెనేటర్ రాబర్ట్ వాగ్నర్, ప్రతినిధి ఎడిత్ నర్స్ రోజర్స్ ఒక బిల్లు ప్రవేశపెట్టారు. పదునాలుగేళ్ళ లోపు వయస్సు గల జర్మన్ శరణార్థి బాలబాలికలను, ఏటికి పదివేల చొప్పున రెండేళ్ళలో 20,000 మందిని, కోటాతో నిమిత్తం లేకుండా రానివ్వాలని దాని సారం. ఇక్కడ వరుస తప్పించి ఎవరినీ వెనుకకు నెట్టనక్కరలేదు. పదేళ్ళ పిల్లవాడు ఎవరి ఉద్యోగాన్నీ అపహరించడు. గూఢచారి కాజాలడు. పిల్లలను పెంచుకోవడానికి కుటుంబాలు ముందుకు వచ్చినవి, కనుక ప్రభుత్వంపై భారమూ కాదు. సందర్భం పేరిట సాధారణంగా చెప్పే హేతువుల్లో ఒక్కటీ ఈ బిల్లుకు వర్తించదు. దేశజనాభా పదమూడు కోట్లు. అయినా ఆ నాటి అభిప్రాయ పరిశీలనలో పదివేల మంది పిల్లలను రానిద్దామా అంటే పదింట ఆరుగురు వద్దన్నారు. ముద్దులొలికే ఈ ఇరవై వేల పిల్లలు త్వరలోనే ఇరవై వేల అనాకార మనుష్యులుగా ఎదుగుతారని వలసశాఖాధిపతి భార్య ఒక విందులో అన్నట్లు ఒక విదేశాంగశాఖాధికారి తన దినచర్యలో వ్రాసుకున్నాడు. ఆమె అధ్యక్షుడికి దాయాది సోదరి. అధ్యక్షుడు బిల్లుపై అనుకూలంగా గానీ ప్రతికూలంగా గానీ నోరు మెదపలేదు. అభిప్రాయమడుగుతూ వచ్చిన పత్రంపై ఏ చర్యా తీసుకోకుండా దాఖలు చేయమని వ్రాశాడు. బిల్లు సంఘంలోనే సమసిపోయింది.

మరుసటి ఏడు, 1940 వేసవిలో, లండన్‌పై బాంబుల భయం కమ్మినప్పుడు, అదే అమెరికా బ్రిటిష్ పిల్లలను రప్పించడానికి వీసా నిబంధనలను వారాల వ్యవధిలో సడలించింది. వారిని తీసుకువచ్చే నౌకల కొరకు చట్టాన్నే సవరించింది. కుటుంబాలు పోటీపడి వారిని ఆహ్వానించినవి. అదే దేశం, అదే అధ్యక్షుడు, అదే కోటా చట్టం, మాంద్యపు ఛాయలు ఇంకా తొలగనే లేదు. దేశకాలాలు రెండూ స్థిరంగా ఉండి ఫలం మాత్రం మారిందంటే, ఆ ఫలానికి దేశకాలాలు కారణం కావని తార్కికులు వేరే చెప్పనక్కరలేదు. కారణం లేకున్నా కార్యం పుట్టిందంటే, లేదా కారణం ఉన్నా పుట్టలేదంటే, వేరొక కారణం వెదకవలసిందే. ఇక్కడ అది వెదకకుండానే దొరుకుతుంది. ఆ పిల్లలు ఎవరి పిల్లలు అన్నదే అది.

రెండవ పరీక్ష ఇంకా సరళమైనది, ఇంకా కఠినమైనది. చట్టం చేతులు కట్టివేసిందని అంటారు. చట్టం అనుమతించినంత వరకైనా చేశారా? 1933లో, హిట్లర్ గద్దెనెక్కిన సంవత్సరంలో, జర్మన్ కోటాలో పదవ వంతు కూడా నిండలేదు. కోటా పూర్తిగా నిండడం 1939లో గానీ జరగలేదు. నడుమ ఆరేళ్ళలో శాసనసభను ఒక్క మాట అడగకుండా, ఒక్క అక్షరం మార్చకుండా ఇవ్వదగిన స్థానాలు వేలకు వేలు ఇవ్వకుండా మిగిలినవి. ఇది సంక్రమించిన స్థితి కాదు. వీసా బల్ల వెనుక కూర్చున్నవారు ప్రతిదినం తీసుకున్న నిర్ణయాల మొత్తం.

1940 జూన్‌లో విదేశాంగశాఖలో వీసాల పర్యవేక్షణ చూస్తున్న బ్రెకిన్‌రిడ్జ్ లాంగ్ ఒక అంతర్గత పత్రం వ్రాశాడు. చట్టాన్ని మార్చనక్కరలేదు, కాన్సల్ అధికారులు ప్రతి అడ్డంకినీ ఉపయోగించి, అదనపు రుజువులడుగుతూ వాయిదాపై వాయిదా వేస్తే వలస తాత్కాలికంగా దానంతట అదే ఆగిపోతుందన్నది దాని భావం. ఫ్రాన్స్ పతనమైన రోజులవి, శత్రుచారుల భయం వాస్తవమే. సుగ్రీవుని శంక లాంటిదే. అయితే సుగ్రీవుడు సభలో నిలబడి తన శంకను బహిరంగంగా చెప్పాడు. ఇక్కడ శంక ఒక విధానమై, విధానం ఒక దస్త్రమై, దస్త్రం ఎవరికీ కనపడని చోట పనిచేసింది. 1941లో, జర్మన్ ఆక్రమిత భూమిలో దగ్గరి బంధువులున్నవారికి ఆ కారణంగానే వీసా నిరాకరించే నియమం వచ్చింది. తల్లిదండ్రులను వెనుక విడిచి వచ్చిన ప్రతివాడూ దీనితో అనుమానితుడయ్యాడు. పరుగెత్తుకొని వచ్చినవానికి వెనుక ఎవరూ మిగలకూడదన్నమాట. అమెరికా జర్మనీతో యుద్ధంలో ఉన్న మూడున్నర ఏళ్ళలో, శత్రువశమైన దేశాల కోటాల్లో పదవ వంతు మాత్రమే వినియోగమైనదని చరిత్రకారుడు డేవిడ్ వైమన్ లెక్కించాడు. ఆయన రూజ్‌వెల్ట్ విషయంలో మరీ కఠినంగా వ్రాశాడని తరువాతి చరిత్రకారులు కొందరు విమర్శించారు. ఆ విమర్శలో సత్యం ఉండవచ్చు. ఖాళీగా మిగిలిన స్థానాల లెక్క మాత్రం దానితో మారదు.

ఇవన్నీ చూసి ఆనాటి వ్యవస్థే అంత, ఎవరేమి చేయగలరు అనేవారికి ఆ వ్యవస్థ లోపలి నుండే సమాధానం వచ్చింది. కోశాగార శాఖలో జోసయా డుబోయ్, జాన్ పేలీ అనే న్యాయవాదులు ఉండేవారు. వారు యూదులు కారు. యూదుల ఉద్ధరణకై పంపదలచిన ధనానికీ, సంహారపు వార్తలకూ విదేశాంగశాఖ ఏ విధంగా అడ్డుపడిందో దస్త్రాలు తవ్వి తీశారు. డుబోయ్ తయారుచేసిన నివేదికకు పెట్టిన శీర్షికలోనే, యూదుల హత్యకు ఈ ప్రభుత్వం మౌనాంగీకారం తెలిపిందన్న అభియోగం ఉన్నది. కోశాగార మంత్రి హెన్రీ మోర్గెంతావ్ 1944 జనవరి 16న అధ్యక్షుని కలిసి ఆ విషయం విన్నవించాడు. ఆరు దినాల్లో, జనవరి 22న, యుద్ధ శరణార్థుల మండలి ఏర్పడింది. పదేళ్ళుగా అసాధ్యమన్నది ఆరు దినాల్లో సాధ్యమైనది. అప్పటికి యూదుల్లో లక్షలు లక్షలుగా హతులై ఉన్నారు గనుక ఆ సాధ్యత ఎవరికీ సంతోషం కలిగించదు. చట్టం అప్పటికీ మారలేదు. మారినది అధ్యక్షుని సంకల్పం ఒక్కటే.

ఈ కథ ఎక్కడో సముద్రాల అవతలి రెండు జాతుల మధ్య జరిగిందని తెలుగు పాఠకుడు తటస్థంగా చదవజాలడు. 1917 నుండే భారతీయులకు అమెరికా వలసద్వారం మూసి ఉన్నది. 1923 ఫిబ్రవరిలో భగత్ సింగ్ థిండ్ అనే మాజీ అమెరికన్ సైనికుని వ్యాజ్యంలో, భారతీయుడు పౌరసత్వానికి అర్హుడు కాడని అక్కడి సర్వోన్నత న్యాయస్థానం తీర్పిచ్చింది. మరుసటి ఏటి 1924 చట్టం, పౌరసత్వానికి అనర్హులైన జాతులవారిని వలస రాకుండా నిషేధించింది. పోలండ్ యూదునికి ఇరుకు ద్వారం, భారతీయునికి గోడ. రెండింటినీ కట్టినది ఒకే శాసనం, ఒకే జాతిసిద్ధాంతం. ఇంకా వెనుకకు వెళితే, 1914లో వాంకోవర్ రేవులో 376 మంది ప్రయాణికులతో నిలిచిన కొమగటమారు నౌకను కెనడా రెండు నెలలు నీటిపైనే ఉంచి వెనుకకు మరల్చింది. ఆ పడవలోనివారు భారతీయులు. సెయింట్ లూయిస్ కన్నా పాతికేళ్ళ ముందటి మాట అది.

1924లో ఆ బిల్లు సభలో చర్చకు వచ్చినప్పుడు, కొత్తగా ఎన్నికైన ఒక బ్రూక్లిన్ ప్రతినిధి దాన్ని వ్యతిరేకించి ఓడిపోయాడు. అతని పేరు ఇమాన్యుయేల్ సెల్లర్, యూదు వంశంలో పుట్టినవాడు. ఆనాటి సందర్భం అతనికీ అదే, అతని ఓటర్లూ ఆ కాలపు మనుషులే. 1946లో భారతీయులకు ఏటా వంద స్థానాలనూ, పౌరసత్వపు హక్కునూ ఇచ్చిన చట్టంపై అతని పేరు ఉన్నది. 1965 అక్టోబరు 3న స్వాతంత్ర్యదేవతా విగ్రహం పాదాల చెంత అధ్యక్షుడు జాన్సన్ సంతకం చేసిన చట్టం, పాత జాతీయ కోటాలను రద్దుచేసినది, దానిపై కూడా అతని పేరే. నలుబది ఒక్క ఏళ్ళు పట్టింది. ఆ చట్టం తెరచిన ద్వారం గుండా గుంటూరు, హైదరాబాదు, విశాఖపట్టణాల నుండి వైద్యులు, యంత్రజ్ఞులు వెళ్ళి డెట్రాయిట్‌లో, చికాగోలో, టెక్సస్‌లో స్థిరపడ్డారు. అక్కడి తెలుగు ఇళ్ళలో సెల్లర్ పేరు తెలిసినవారు బహుశః అరుదు.

అదే అమెరికాలో నేడు శాశ్వతనివాస పత్రానికై ఏళ్ళకేళ్ళు నిరీక్షించే తెలుగు కుటుంబాలున్నవి. ఒక్కో దేశానికి ఏడు శాతమన్న పరిమితి వారికి కంఠస్థం. తమ వంతు ఎప్పుడని పట్టికలో వెదికే అనుభవం వారికి కొత్తది కాదు. ఈ రెండు నిరీక్షణలూ సమానమనడం అపచారం. ఒకటి జీవనానికి, మరొకటి జీవితానికి. కానీ సంఖ్య రూపంలో వచ్చే నిరాకరణలో ఎవరి ముఖమూ కనిపించదనీ, కాదన్నది ఎవరో చెప్పడానికి ఎదుట మనిషే ఉండడనీ వారికి ఇతరులకంటె బాగా తెలుసు. కనుకనే సెయింట్ లూయిస్‌కు వచ్చిన జవాబును వారు మిగతావారికంటె నిదానంగా చదవగలరు.

అమెరికా విదేశాంగశాఖ 2012లో ఆ నౌకాప్రయాణికుల్లో బ్రతికి ఉన్నవారిని ఆహ్వానించి విచారం తెలిపింది. తానును ఆ నౌకను రానివ్వని కెనడా, 2018 నవంబరులో తన పార్లమెంటు సభలో క్షమాపణ చెప్పింది. డెబ్బది తొమ్మిదేళ్ళ తరువాతి క్షమాపణ ఎవరికి ఉపయోగమని ఎత్తిపొడిచినవారున్నారు. క్షమాపణ పత్రాల్లో సందర్భం గురించి వివరణలు అంతగా లేకపోవడం గమనింపదగినది. వివరణలు చరిత్రకారులకు విడిచిపెట్టి, చేసినదాన్ని చేసినట్లు ఒప్పుకోవడంలో ఒక శుచిత్వం ఉన్నది.

నౌకాధిపతి ష్రోడర్ మాత్రం ఏ సందర్భాన్నీ ఆశ్రయించలేదు. హాంబర్గ్‌కు తిరిగి రావలసి వస్తే, నౌకను బ్రిటన్ తీరంలో కావాలనే మెట్టకు ఎక్కించి ప్రయాణికులను అక్కడ దింపాలని అతడు పథకం వేసుకున్నాడు. దాని అవసరం రాలేదు. జూన్ 17న బెల్జియంలోని యాంట్‌వెర్ప్ రేవులో వారందరినీ సురక్షితంగా అప్పగించాడు. బ్రిటన్ కాక మిగిలిన మూడు దేశాలకు వెళ్ళిన 619 మందిలో 87 మందికి, 1940 మే నెలలో జర్మన్ దాడికి పూర్వమే ఎక్కడికో ఒకచోటికి వలసవెళ్ళే వీలు దొరికింది. మిగిలినవారి చేతుల్లో నిరీక్షణ పట్టికలోని సంఖ్యలు అట్లాగే ఉన్నవి.